మారుమూల నర్సులకు మార్గదర్శివి కాబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

దూరాన ఉన్న ఆరోగ్య కేంద్రాల నర్సులకు ఫోనులో, వీడియోలో మార్గదర్శిగా ఉండే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతూ పాఠాల పట్టిక కూడా పంపావు. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. నీ పని ఫలించిందో లేదో ఒక్క విషయంలో తేలుతుంది. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న నర్సుకు అనుమానం రాగానే, పరిస్థితి చేయి దాటకముందే, నీకు ఫోను చేయాలనిపించాలి.

"ఇది కూడా తెలియదా?" అన్న ధోరణి నీ గొంతులో ఒక్కసారి వినిపించినా ఆమె మళ్లీ అడగదు. ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. ఆమె నీ దగ్గర బయటపెట్టిన సందేహాలు ఆమె పై అధికారికి చేరకూడదు. రోగి ప్రాణానికి ముప్పున్నప్పుడు మాత్రమే మినహాయింపు. ఆ సంగతి మొదటి రోజే ఆమెకు చెప్పు. తనిఖీ, బోధన రెండూ నీ చేతే చేయించాలని ఎవరైనా చూస్తే ఒప్పుకోకు.

మొదటి వారం పాఠాలు వద్దు. ఫోను పట్టుకుని కేంద్రమంతా తిప్పి చూపించమను. మందుల బీరువాలో ఏమున్నాయి, ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు, పెద్దాసుపత్రికి ఎంతసేపు పడుతుంది, రాత్రిపూట బండి ఎవరు నడుపుతారు? ఇవి తెలియకుండా ఇచ్చే సలహా ఆమెకు ఎందుకూ పనికిరాదు. అక్కడ లేని పరీక్ష చేయించమంటే ఆమె "సరే మేడమ్" అని ఫోను పెట్టేస్తుంది, అంతే.

తర్వాత కూడా పాఠం ఆమె దగ్గరున్న కేసు నుంచే పుట్టాలి. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 'ప్రాజెక్ట్ ఎకో'ను ఇలాగే మొదలుపెట్టారు. అక్కడ హెపటైటిస్-సి అనే, కాలేయానికి వచ్చే వైరస్ జబ్బు నిపుణులు నగరంలోనే ఉండేవారు, రోగులు నెలల తరబడి ఎదురుచూసేవారు. ఆయన ఊళ్లలోని, జైళ్లలోని వైద్య సిబ్బందిని వారానికోసారి వీడియోలో కూర్చోబెట్టి వాళ్ల కేసులనే చర్చకు పెట్టారు. 2011లో ఫలితాలు ప్రచురించారు. ఊళ్లలోనూ జైళ్లలోనూ చికిత్స పొందినవారిలో 58.2 శాతం, విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 57.5 శాతం మంది శరీరంలో వైరస్ లేకుండా పోయింది. నిపుణుడి చేతిలో ఎంత నయమైందో ఊరి సిబ్బంది చేతిలోనూ అంతే నయమైంది! నాకు ఇంతకన్నా ధైర్యమిచ్చిన ఫలితం లేదు. నువ్వూ ఒక నర్సు కేసును మిగతావారి ముందు పెట్టించు. జవాబు చాలాసార్లు పక్క కేంద్రం నర్సు నోటే వస్తుంది, నువ్వు తొందరపడి మాట్లాడకపోతే. రోగి పేరు, ముఖం మాత్రం ఎవరికీ కనిపించనివ్వకు.

ఫోనులో నీకు రోగి కనిపించదు, కాబట్టి కొలతలు అడుగు. "బిడ్డకు ఆయాసంగా ఉంది" అంటే పూర్తిగా ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టమను. దగ్గు, ఆయాసం ఉన్న బిడ్డకు రెండు నెలలు నిండి ఏడాది లోపు వయసైతే నిమిషానికి 50 లేదా అంతకన్నా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపైతే 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నాయంటే న్యుమోనియాగా అనుమానించాలి. కాన్పు తర్వాతి రక్తస్రావమూ అంతే, కంటి అంచనా దాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన అధ్యయనంలో గీతలున్న సంచితో రక్తాన్ని కొలిచి, వెంటనే అన్ని చికిత్సలూ కలిపి మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోసి చేసే ఆపరేషన్, మరణం కలిపి లెక్కిస్తే 60 శాతం తగ్గాయి.

అయితే రక్తం పోతున్న వేళ పాఠం చెప్పకు. చిన్న చిన్న వాక్యాల్లో ఏం చేయాలో చెప్పు. మందు పేరు, మోతాదు ఆమె చేత తిరిగి చెప్పించు. బండికి నువ్వే ఫోను చేయి, పెద్దాసుపత్రిలో డాక్టరుతో నువ్వే మాట్లాడు. ఆమె రెండు చేతులూ తల్లి దగ్గరే ఉండాలి. మిగతా రోజుల్లో మాత్రం నీ అభిప్రాయం చెప్పేముందు "నీకేమనిపిస్తోంది?" అని అడుగు. మౌనంగా ఉంటే ఉండనీ, ఆమె ఆలోచిస్తోందన్నమాట.

చేతిపనిని స్లైడ్లతో నేర్పలేం. ఊపిరి తీసుకోని నవజాత శిశువుకు మొదటి నిమిషంలోనే బ్యాగు, మాస్కుతో శ్వాస అందించాలి. బొమ్మ మీద సాధన చేయించు. ఫోనును పక్కగా పెట్టిస్తే మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కుందో లేదో, ఛాతీ లేస్తోందో లేదో నీకు తెలుస్తుంది. ఏడాదికోసారి రోజంతా జరిగే శిక్షణ కొన్ని నెలల్లో చేతుల్లోంచి జారిపోతుంది. వారంలో పది నిమిషాలు చేసేది నిలుస్తుంది. సిగ్నల్ అందకపోతే వీడియో ఆపి గొంతుతోనే కొనసాగించు.

ఇక అందరూ వదిలేసే పని ఒకటుంది. ఆమె పెద్దాసుపత్రికి పంపిన రోగి ఏమయ్యారో ఆమెకు ఎవరూ చెప్పరు. తన అనుమానం నిజమైందా, బిడ్డ బతికాడా అన్నది తెలియకుండానే మరుసటి రోగిని చూస్తుంది. ఆ కబురు నువ్వు కనుక్కుని చెప్పు. మంచి కబురైతే ఆమె ఏం సరిగ్గా చేసిందో విడమరిచి చెప్పు. చెడు కబురైతే మెసేజ్ పెట్టకు, ఫోను చేయి, ముందు ఆమెను మాట్లాడనీ. ఎక్కడ ఆలస్యమైందో ఇద్దరూ కలిసి చూసుకోవడం మర్నాడైనా చేయవచ్చు.

ఈ వారమే ప్రతి నర్సునూ ఏ వేళ వీలవుతుందో అడుగు. నీకు అనువైన వేళ వాళ్లకు టీకాల వేళ కావచ్చు. వాళ్లు చెప్పిన సమయాలు చూసి పట్టిక మళ్లీ రాసి నాకు పంపు, కూర్చుని చూస్తాను.