నెల్లూరులో పాత ఇల్లు కొంటున్నాం, బ్రోకరుకు మన ధర ముందే చెప్పాలా?

చెప్పవద్దు. ఒక్క అంకె కూడా చెప్పవద్దు. మొదటి ఫోనులోనే "మీ బడ్జెట్ ఎంత సార్?" అని అడుగుతారు. మీరు మర్యాదకు "డెబ్భై దాకా చూస్తున్నాం" అంటారు. ఆ రోజు నుంచి నెల్లూరులో మీ కంటికి 70 లక్షల లోపు ఇల్లు కనిపించదు. 60కి రావలసిన ఇల్లు కూడా మీ దగ్గరికి వచ్చేసరికి 72 అవుతుంది.

మొదట ఎంత తగ్గించి అడగాలి, పది శాతమా, పదిహేనా అని కూడా అడిగారు. దానికీ నా దగ్గర జవాబుంది. కానీ అంతకంటే ముందు ఎవరిని అడగాలో తేల్చుకోండి. బ్రోకరుకు చెప్పిన ధర ఓనరు చెవికి చేరుతుందన్న నమ్మకం లేదు. బ్రోకరు ఓనరని చూపించిన మనిషి ఒక్కడే ఓనరన్న నమ్మకం అసలే లేదు. వేదాయపాళెం వైపు మేము ఇల్లు కొన్నప్పుడు ఈ రెండూ ఒకే పూట చూశాను.

ఆ ఇల్లు 24 అంకణాలు. నెల్లూరు వాళ్ళకు చెప్పనవసరం లేదు గాని, ఇక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. మా మరిది అక్కడే ఉంటాడు. అంకణం ధర చెప్పగానే "ఇదేం దోపిడీ వదినా!" అని ఫోనులోనే కేకలు వేశాడు. బయటి ఊళ్ళలో ఉన్న బంధువుల సలహా తీసుకునేవాళ్ళు ముందుగా ఈ లెక్క ఒకటి సరిచూసుకోండి.

బ్రోకరు చెప్పిన ధర 78 లక్షలు. ఓనరు ఒక్క రూపాయి కూడా తగ్గడట. పైగా చెన్నై పార్టీ ఆదివారం వస్తోందట. నెల్లూరులో ఏ ఇల్లు చూడబోయినా మనకంటే ముందు ఈ చెన్నై పార్టీ సిద్ధంగా ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఊరంతా తిరిగి ఇళ్ళు చూస్తున్న ఆ పుణ్యాత్ములు ఎవరో గాని, ఇంతవరకు ఒక్కటీ కొన్నట్టు లేదు. చెన్నై పార్టీకి మేము బెదరలేదని తెలిశాక ఆషాఢం వచ్చింది. "శుక్రవారం బయానా ఇచ్చేయండి సార్, ఆషాఢం పడితే ఏ పనీ జరగదు" అన్నాడు. ఈ మాటలన్నీ మా వారితోనే. ఇంటి అప్పు నా జీతం మీద, నా పేరున తీసుకుంటున్నామని మొదటి రోజే చెప్పాం. అయినా ధర మాట వచ్చేసరికి సార్ వైపు తిరుగుతాడు, వంటగది మాట వచ్చేసరికి మేడమ్ వైపు. బడిలో లెక్కలు చెప్పేది నేను.

ఓనరుతో ఎదురుగా కూర్చుంటేనే ధర చెబుతామని పట్టుబట్టాం. అతను చెప్పిన సాకులు రాస్తే పేజీ సరిపోదు. ఓనరుకు ఒంట్లో బాగాలేదు, ఓనరు ఊళ్ళో లేడు, ఎదురెదురుగా కూర్చుంటే మాటా మాటా పెరుగుతుంది, తన ఆఫీసులో కూర్చుంటే ఏసీ ఉంటుంది. మేము కదలకపోయేసరికి ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు: మేము నోరు విప్పకూడదు, మాట్లాడేదంతా తనే.

అలాగే జరిగింది. మమ్మల్ని ముందు హాల్లో కూర్చోబెట్టి, ఓనరని పరిచయం చేసిన పెద్దమనిషిని వెనక వరండాలోకి తీసుకుపోయాడు. కాసేపటికి వచ్చి తల అడ్డంగా ఊపుతాడు, మళ్ళీ వెళతాడు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేసే బేరమే ఇది, కాకపోతే అక్కడ కనీసం కొనేవాడి వేళ్ళూ అమ్మేవాడి వేళ్ళూ తగులుతాయి. మేము 66 అన్నాం. "ఆ మాట అంటే నన్ను గుమ్మం ఎక్కనివ్వరు సార్" అని నుదురు తుడుచుకుంటూ మళ్ళీ వెనక్కి వెళ్ళాడు.

అప్పుడు లోపలి నుంచి ఒక పెద్దావిడ కాఫీ తెచ్చింది. ఆ పెద్దమనిషి తల్లి. గ్లాసు నా చేతికిస్తూ "ఎంతకు అనుకున్నారమ్మా?" అని అడిగింది.

"డెబ్భై ఎనిమిది అంటున్నారు పెద్దమ్మా, మేము అంత పెట్టలేం."

ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టి నా పక్కన కూర్చుంది. "డెబ్భై ఎనిమిది ఎవరన్నారు? మేము డెబ్భై అనే చెప్పాం. సంక్రాంతి నుంచి చూస్తున్నాం, ఇల్లు చూడటానికి వచ్చి కూర్చున్నది మీరే."

ఇంకా చెప్పింది. ఆ ఇల్లు ఆవిడ భర్త సంపాదనతో కట్టిందట. ఆయన పోయి చాలా కాలమైంది, వీలునామా రాయలేదు. కూతురు ఒంగోలులో ఉంది, అమ్మకం సంగతి ఆమెకు ఇంకా చెప్పనే లేదు. ఇంతలో బ్రోకరు వచ్చాడు. "సార్, డెబ్భై ఆరుకు ఒప్పించాను. గొంతు పోయింది" అన్నాడు, నిజంగానే గొంతు సవరించుకుంటూ.

నేను "పెద్దమ్మ డెబ్భై అంటున్నారు" అన్నాను.

అతను ఏ మాత్రం తొణకలేదు. "అది పాత రేటు మేడమ్" అన్నాడు, కూర్చున్నాడు, మిగిలిన కాఫీ గ్లాసు తీసుకున్నాడు. ఆ నిబ్బరానికి ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. ఆ తరువాత కొడుకును కూడా హాల్లోకి పిలిపించి అందరం ఒకేచోట మాట్లాడుకున్నాం. 67 లక్షల 50 వేల దగ్గర తెగింది. వరండాకూ హాలుకూ మధ్య పెరిగిన ఎనిమిది లక్షలు ఎవరి జేబుకు దారి వెతుక్కుంటున్నాయో మీరే ఊహించుకోండి. "నాకు ఇంత వస్తే చాలు, పైన వచ్చింది నీదే" అనే ఒప్పందాలు ఇక్కడ మామూలే. అమ్మేవాళ్ళనూ కొనేవాళ్ళనూ కలవనివ్వకపోవడానికి ఇంకో కారణం నాకైతే కనబడలేదు.

అసలు పేచీ ధర తెగాకే మొదలైంది. కూతురు సంతకం కూడా కావాలి అన్నాను. "ఆడపిల్ల, పెళ్ళి చేసి పంపేశారు, ఆమె సంతకం ఎందుకు మేడమ్? ఈసీ తీసి చూపించాను కదా, ఒక్క మచ్చ లేదు" అన్నాడు బ్రోకరు. ఈసీ అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టిక. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు చేయని వీలునామా, ఇంట్లో రగులుతున్న వాటాల గొడవ అందులో కనిపించవు. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు అన్నప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కు, కూతురుకు సమాన వాటా. అంటే ఆ రోజు మాకు కాఫీ తెచ్చిన మనిషికి ఇంట్లో మూడో వంతు. కంటికి కనబడని ఒంగోలు కూతురుకు ఇంకో వంతు. బ్రోకరు వరండాలో బేరమాడుతున్నది మిగిలిన వంతుతో. కూతురు వచ్చింది, వాళ్ళలో వాళ్ళు ఏదో తేల్చుకున్నారు, అది వాళ్ళ ఇంటి సంగతి. అగ్రిమెంటులో అమ్మేవాళ్ళుగా ముగ్గురి పేర్లూ రాయించాం.

బయానా కూడా బ్రోకరు చేతిలో పెట్టవద్దు. "లక్ష ఇవ్వండి, ఇల్లు పట్టి ఉంచుతాను" అంటారు. ఆ లక్షకు రసీదు ఉండదు. డబ్బు ఓనర్ల బ్యాంకు ఖాతాకే వెళ్ళాలి, అదీ అగ్రిమెంటు మీద సంతకాలయ్యాక. అసలు ఇల్లు, స్థలం అమ్మకాల్లో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. లింకు డాక్యుమెంట్లలో, అంటే ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజుల్లో, లోపం తేలినా, బ్యాంకు వకీలు అప్పుకు కాదన్నా బయానా తిరిగి ఇవ్వాలని ఒక వాక్యం రాయించండి. ఆ వాక్యానికి అభ్యంతరం చెప్పింది మా విషయంలో ఓనర్లు కాదు, బ్రోకరు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ఉంది కదా, ఫిర్యాదు చేయవచ్చు అని మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. 2016 నాటి ఆ చట్టంలో ఏజెంట్లు నమోదు చేసుకోవాలని ఉన్న మాట నిజమే. అది రెరాలో నమోదైన లేఅవుట్లలో, అపార్టుమెంట్లలో అమ్మకాలు చేసేవాళ్ళకు. వీధిలో ఉన్న పాత ఇంటిని చేతులు మార్పించే మనిషికి ఆ గొడవే లేదు. అతనికి ఒక ఫోను, ఒక బైకు ఉంటే చాలు.

వాస్తు గురించి మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. ఆ ఇంటికి ఈశాన్యం వైపు వీధి పోటు ఉంది, అంటే ఒక వీధి నేరుగా వచ్చి ఇంటికి తగులుతుంది. ఓనర్లతో బ్రోకరు "పోటు ఉంది, ఎవరూ ముందుకు రారు, ధర తగ్గించాలి" అన్నాడట. మాతో అన్నది "ఈశాన్యం పోటు సార్, అదృష్టం ఉంటేగాని దొరకదు, అందుకే ఈ ధర". పైగా సిద్ధాంతి గారిని కూడా తనే తీసుకొస్తానన్నాడు.

ఇక మీ పది శాతమా, పదిహేను శాతమా సంగతి. శాతాలు వదిలేయండి. ఆ వీధిలో ఈ మధ్య అమ్ముడైన స్థలం అంకణం ఎంతకు పోయిందో ఇద్దరు ముగ్గురిని అడిగి, దాన్ని అంకణాలతో హెచ్చవేసి, కట్టడం పాతదైతే దానికి నామమాత్రంగా కలిపి, వచ్చిన దానికంటే కొంచెం దిగువన మొదలుపెట్టండి. టేపు పట్టి కొలిచాకే సుమా, కాగితంలో ఉన్న అంకణాలన్నీ నేల మీద ఉంటాయని లేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో కనిపించే మార్కెట్ విలువ చూసి బేరమాడితే నవ్వుతారు, అది సాధారణంగా బజారు ధరకు బాగా దిగువన ఉంటుంది. మీ గరిష్ఠ ధరలోనే స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం కలుపుకోండి. మాకు అదే అయిదు లక్షలు దాటింది. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే ఒక శాతం టీడీఎస్, అంటే అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి ఆదాయపు పన్ను, పట్టుకుని కట్టవలసింది కొనేవాళ్ళే. ఈ సంగతి మాకు చెప్పింది బ్యాంకువాళ్ళు, బ్రోకరు కాదు.

కమీషన్ రెండు శాతం అడిగాడు, ఒక శాతం ఇచ్చాం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు, వేలిముద్రలు అయ్యాకే. అతను పని చేయలేదని అనను. పాత లింకు డాక్యుమెంట్ల నకళ్ళు తెప్పించాడు, కార్పొరేషన్‌లో పన్ను బకాయి కట్టించి రసీదు తెచ్చాడు, ఆ పనులకు మేము వెళ్ళి ఉంటే బడికి ఎన్ని సెలవులు పెట్టాలో. ఆ పనులకు ఒక శాతం న్యాయమే.

మీరు చూసిన ఇల్లు ఏ వైపో రాయలేదు. పెన్నకు దగ్గరైతే 2021 నవంబరు వరదలో ఆ వీధిలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటి వాళ్ళను అడగండి, గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు. మన దగ్గర వాన బలమంతా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, ఆగగలిగితే ఆ నెలల్లో ఒకసారి ఇల్లు చూసి అప్పుడు ధర చెప్పండి. ఈలోగా చెన్నై పార్టీ కొనేస్తే నాకు రాయండి, వాళ్ళెవరో నాకూ తెలుసుకోవాలని ఉంది.