నాలుకకు పియర్సింగ్ చేయించుకుంటే మానేదాకా ఎలా చూసుకోవాలి?

మొదటి వారం వాపు చూసి టెన్షన్ పడకండి. 3 నుంచి 5 రోజులు నాలుక బాగా ఉబ్బుతుంది, అందుకే ముందు పొడవాటి బార్‌బెల్ (రెండు చివర్లా చిన్న గుండ్లున్న కడ్డీ) వేస్తారు. వాపు తగ్గాక, సుమారు 2–4 వారాల్లో, పియర్సర్ దగ్గరే పొట్టిది మార్పించుకోండి. చాలామంది అశ్రద్ధ చేసేది ఇక్కడే. పొడవాటి బార్ తగిలి తగిలి పళ్లు పెచ్చులూడతాయి, చిగుళ్లు అరుగుతాయి. అరిగిన చిగురు మళ్లీ పెరగదు.

తిన్న ప్రతిసారీ గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా ఉప్పు కలిపి పుక్కిలించండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. ఇడ్లీ, చల్లారిన జావ ఫరవాలేదు. గాయం మానేదాకా ఆవకాయ, సిగరెట్, ముద్దులు ఆపాల్సిందే. పలచటి తెల్లని స్రావం మామూలే. చీము, జ్వరం వచ్చినా, మింగడానికో ఊపిరికో ఇబ్బంది అనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.