అమ్మాయిని ఫుట్‌బాల్‌కి పంపే ముందు ఆ గ్రౌండ్‌లో రూల్స్ ఏంటో చూడండి

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా నుంచి ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది: "మా పాపకు 12 ఏళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బడిలో మాత్రం నోరు విప్పదు. ఫుట్‌బాల్‌కి పంపితే ధైర్యం వస్తుందని వాళ్ల టీచర్ అంటున్నారు. ఆడపిల్లకు ఆటలెందుకు, చదువు పాడవుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. పంపమంటారా?"

పంపండి అన్నా. కాకపోతే ఎక్కడికి పంపుతున్నారో చూసి మరీ పంపండి. ఫుట్‌బాల్ ఆడితే చాలు, ధైర్యం, క్రమశిక్షణ, కలిసిమెలిసి ఉండటం అన్నీ వాటంతటవే వచ్చేస్తాయని చాలామంది చెప్తారు. నేను బల్లార్‌పూర్ దగ్గర బొగ్గు గనుల కాలనీలో ఏళ్ల తరబడి పిల్లలను ఆడిస్తున్నాను. నేను చూసింది వేరు. ఒక గ్రౌండ్‌లో పిల్లలు నోరు విప్పుతారు. ఇంకో గ్రౌండ్‌లో, అదే బంతితో, ఉన్న ధైర్యం కూడా పోగొట్టుకుంటారు. తేడా అంతా అక్కడ పెద్దవాళ్లు పెట్టిన రూల్స్‌లోనే ఉంది.

మామూలుగా జరిగేది చెప్తాను. పెద్ద గ్రౌండ్, ఒకటే బంతి, జట్టుకు పదకొండు మంది. బాగా ఎదిగిన నలుగురైదుగురు మగపిల్లల మధ్యే ఆటంతా నడుస్తుంది. చిన్నవాళ్లు, కొత్తవాళ్లు, ఆడపిల్లలు ఓ మూలన నిలబడి బంతి ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. గీత బయట నుంచి కోచ్ "కొట్టు, ఇటు ఇవ్వు, పరిగెత్తు" అని అరుస్తూనే ఉంటాడు. మ్యాచ్ ఉన్న రోజు మీ పాపలాంటి పిల్ల బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టి వస్తుంది. గంటసేపు గ్రౌండ్‌లో ఉన్నా ఆ పిల్ల తనంతట తాను ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదు. అలాంటి చోట ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే మా దగ్గర నలుగురు నలుగురు, లేదా ఐదుగురు ఐదుగురు ఆడతారు. గ్రౌండ్ చిన్నది, ఇటుకలే గోల్‌పోస్టులు, బెంచీ అనేదే లేదు. ఎక్కువమంది వస్తే రెండో ఆట పక్కనే మొదలవుతుంది. జట్టు చిన్నదైతే బంతి అందరి కాళ్ల దగ్గరికీ వస్తుంది, దాక్కోవడానికి చోటుండదు. బంతి సైజు కూడా చూసుకోవాలి. 8 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 4వ నంబర్ బంతి, ఆ పైన 5వ నంబర్. చిన్న పిల్లలకు 5వ నంబర్ ఇస్తే కాలు నొప్పెట్టి, తన్నడానికే భయపడతారు.

రూల్ మారితే ఆడేవాళ్లూ మారతారన్నది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. మన హైదరాబాద్ రహీమ్ సాబ్, అంటే 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకాలు తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తికి బడిపంతులు. ఆయన కుర్రవాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడాలని రూల్ పెట్టి టోర్నమెంట్లు జరిపేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో ఆడాల్సిందే. రెండు కాళ్లూ వాడమని వందసార్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క రూల్‌తో ఎక్కేది.

రెండో ఉదాహరణ కొలంబియాది. 1994 ప్రపంచ కప్‌లో పొరపాటున సొంత గోల్ పడిందని ఆంద్రెస్ ఎస్కోబార్ అనే ఆటగాడిని మెదెయీన్ నగరంలో కాల్చి చంపేశారు. ఆ తర్వాత అదే ఊళ్లో, గ్యాంగుల గొడవల్లో నలిగిపోతున్న పిల్లల కోసం కొందరు కొత్త రకం ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. ఆడా మగా కలిసి ఆడాలి, మొదటి గోల్ అమ్మాయే కొట్టాలి, రిఫరీ ఉండడు. ఆ పద్ధతే ఇప్పుడు ఫుట్‌బాల్3 పేరుతో చాలా దేశాల్లో ఉంది. ఆటకు ముందు రెండు జట్లూ కూర్చుని రూల్స్ మాట్లాడుకుంటాయి, తర్వాత ఆడతాయి, మళ్లీ కూర్చుని ఎదుటి జట్టు ఎంత న్యాయంగా ఆడిందో చూసి పాయింట్లు ఇస్తాయి. గోల్స్ పాయింట్లకు ఇవి కలుస్తాయి. మన పక్కనే నాగ్‌పూర్‌లో 2001లో విజయ్ బార్సే గారు మొదలుపెట్టిన స్లమ్ సాకర్ కూడా బస్తీ పిల్లలతో ఇలాంటి పనే చేస్తోంది. 2016లో ఫీఫా డైవర్సిటీ అవార్డు ఆ సంస్థకే వచ్చింది.

మేం ఇదే పద్ధతిని మా కాలనీకి తగ్గట్టు వాడుకుంటున్నాం. ఓ వానాకాలం సాయంత్రం, నల్లమట్టి మోకాళ్ల దాకా అంటుకుని, రెండు జట్లూ ఎదురెదురుగా కూర్చున్నాయి. గెలిచిన జట్టుకు న్యాయం పాయింట్లు మూడు ఇవ్వాలా, తగ్గించాలా అని చర్చ. ఇంతలో గెలిచిన జట్టు పిల్లాడే ఒకడు లేచి, "మాకు మూడు ఇవ్వకండి. ఆమె మూడుసార్లు ఖాళీలో నిలబడి చెయ్యెత్తింది, మేమెవరం బంతి ఇవ్వలేదు" అన్నాడు. వాడన్నది తన జట్టు అమ్మాయి గురించే. ఆ పిల్ల తలెత్తి, "మూడు కాదు, నాలుగు" అంది. మా దగ్గరికి వచ్చాక అంతమంది ముందు ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు. నేను ఎంత బతిమాలినా రాని మాట అది. తన లెక్క తనకు తెలుసు, అడిగే చోటు దొరికింది, చెప్పేసింది.

ఇంకో సంగతి. మా గ్రౌండ్‌లో గోల్‌కీపర్‌గా అందరూ వంతులవారీగా నిలబడాలి. కీపర్‌కు గ్రౌండంతా కనిపిస్తుంది కాబట్టి అరిచి చెప్పక తప్పదు. మాది తెలుగు, మరాఠీ, బెంగాలీ, హిందీ అన్నీ కలిసిన కాలనీ. ఏ భాషలో అరవాలో కూడా పిల్లలే మాట్లాడుకుని తేల్చుకుంటారు. బడిలో మరాఠీ సరిగా రాదని నోరు మూసుకునే తెలుగు పిల్లలు "పీఛే, పీఛే" (వెనక్కి, వెనక్కి) అని గొంతు చించుకుంటుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. మీ పాప మౌనానికి కూడా భాషే కారణమేమో ఒకసారి కనుక్కోండి అన్నా.

చదువు గురించి పెద్దగా టెన్షన్ పడొద్దు. వారానికి మూడు రోజులు గంట చొప్పున ఆడితే ఏ చదువూ పాడవదు. పరీక్షలప్పుడు మేమే తగ్గిస్తాం. ఎండాకాలం మాత్రం జాగ్రత్త. మన చంద్రపూర్‌లో మేలో 46 డిగ్రీలు దాటడం వింత కాదు కదా, తెల్లవారుజామున కాకుండా ఎండలో ఆడించే కోచ్ దగ్గరికి పంపకండి. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి అంటే బద్ధకమని తిట్టొద్దు. ఎముక వేగంగా పెరిగే రోజుల్లో అది మామూలే. నొప్పి తగ్గేదాకా పరుగు తగ్గించి, డాక్టర్‌కు చూపించండి.

పెద్దవాళ్లకు ఒక పేరు చెప్పొచ్చు. సరిహద్దు అవతల నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. మహారాష్ట్రలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 5 శాతం రిజర్వేషన్ ఉన్న మాటా నిజమే. కానీ దాని కోసమే పంపితే ఓడిన ప్రతి మ్యాచ్ ఇంట్లో తగాదా అవుతుంది. 12 ఏళ్ల పిల్ల మీద ఆ బరువు పెట్టకండి.

చేర్పించే ముందు ఒక సాయంత్రం గ్రౌండ్ పక్కన నిలబడి చూడండి. మీ పాప వయసు పిల్ల ఒకరిని ఎంచుకుని, పావుగంటలో బంతి ఆ పిల్ల కాలికి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. తప్పు చేసిన పిల్లతో కోచ్ ఎలా మాట్లాడుతున్నాడో వినండి. అమ్మాయిలు ఎంతమంది వస్తున్నారో, బట్టలు మార్చుకోవడానికి చోటుందో లేదో, చీకటి పడకముందే ఇళ్లకు పంపుతున్నారో లేదో అడగండి. ఆడపిల్ల ఒక్కతే ఉంటే కష్టం, పక్కింటి అమ్మాయిని కూడా కలిపి పంపండి. మొదటి రెండు వారాలు పాప వద్దన్నా మీరు దూరం నుంచి చూస్తూ ఉండండి. ఇంటికొచ్చాక మాత్రం గోల్ కొట్టావా అని అడగకండి, ఈ రోజు ఎవరితో ఆడావు అని అడగండి.