ఆయిల్ గేజ్ ముల్లు పడిపోతోంది, ఇంజిన్ దించాలా?

ప్రశ్న: మాది కాకినాడ. మా చేపల బోటు డీజిల్ ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ ప్రెషర్ గేజ్ 50 చూపిస్తుంది. రెండు గంటలు నడిచాక స్లోలో పెడితే 10కి పడిపోతోంది. ఇంజిన్ దించమంటున్నారు. ఒకటే టెన్షన్.

జవాబు: అప్పుడే దించకండి తమ్ముడూ. వేడెక్కితే ఆయిల్ పలచబడుతుంది, స్లోలో పంపు కూడా నెమ్మదిగా తిరుగుతుంది. కొంత తగ్గడం మామూలే. రేస్ చేస్తే ముల్లు ఎంత లేస్తుందన్నదే అసలు సంగతి. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) ఉండాలన్నది మెకానిక్కుల పాత లెక్క. మీ ఇంజిన్ మాన్యువల్లో ఉన్న అంకెనే నమ్మండి.

ముందు డిప్‌స్టిక్ తీసి, ఆయిల్‌ని వేళ్ల మధ్య రాసి వాసన చూడండి. డీజిల్ కంపు కొట్టి, మట్టం పై గీత దాటితే ఇంజెక్టరో, ఫీడ్ పంపో లోపలికి కారుతోంది. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయి, ఇక ఇంజిన్ తిప్పొద్దు. రెండూ కాకపోతే సెండర్ (ఇంజిన్ మీద ఉండి, ప్రెషర్‌ని వైరు ద్వారా గేజ్‌కి పంపే ముక్క) విప్పి, అక్కడే మెకానికల్ గేజ్ బిగించి వేడి మీద కొలవండి. ఉప్పు గాలికి సెండర్ వైరు కొస పచ్చగా చిలుం పట్టి తప్పు లెక్క చూపించడం మన బోట్లలో తరచూ చూస్తుంటాను.

మెకానికల్ గేజ్ కూడా తక్కువే చూపిస్తే ఫిల్టర్, రిలీఫ్ వాల్వు (ప్రెషర్ ఎక్కువైతే వదిలేసే వాల్వు) చూడండి. బేరింగుల జోలికి ఆ తర్వాతే వెళ్లండి. చిక్కటి ఆయిల్ పోసి ముల్లు లేపొద్దు, అరుగుదల అలాగే ఉంటుంది. సముద్రంలో ముల్లు సున్నాకి వస్తే మాత్రం వెంటనే ఇంజిన్ ఆపేయండి.