‘గిరీటం’ తప్పేనా?

సందేహం: మేం హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో ఉండే పదిమందిమి. నాటకాల పిచ్చి. 1987 నాటి ‘ది ప్రిన్సెస్ బ్రైడ్’ సినిమాను 2020 లాక్‌డౌన్‌లో హాలీవుడ్ నటులు ఎవరిళ్లలో వాళ్లుండి, ఇంట్లో దొరికిన వస్తువులతో, ఫోన్లతో మళ్లీ తీశారని చదివినం. ఈ ఎండాకాలం మేమూ ‘మాయాబజార్’ సీన్లు కొన్ని అట్లనే తీసినం. పప్పు గుత్తి ఘటోత్కచుడి గద. పోపుల డబ్బాలో ఫోన్ పెడితే ప్రియదర్శిని. మా మనుమరాలు నెత్తి మీద గంజి వంచే సిబ్బి బోర్లించుకుని “సినిమాల ఉన్నది కిరీటం, నాది గిరీటం” అన్నది. మా ఆయనేమో అది తెలుగే కాదు, పిల్లకు తప్పులు నేర్పకు అంటున్నడు. గిరీటం తప్పేనా? ఇంకొకటి. వీడియో మొదట్లో ‘తాత్కాలిక సామాగ్రితో పునర్సృష్టి’ అని వేసినం. మేక్‌షిఫ్ట్ ప్రాప్స్‌కు, అంటే నాటకంలో వాడను దొరికినవాటితో సర్దుకున్న వస్తువులకు, తెలుగు అదేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ మనుమరాలు తప్పు మాట్లాడలేదు. మీవారి అనుమానంలో కూడా కొంత న్యాయం ఉంది. అదేమిటో తర్వాత చెబుతాను.

చాయ్ గీయ్, పని గిని, పుస్తకం గిస్తకం. రోజుకు పదిసార్లు అనే మాటలే. మాట మొదటి అక్షరం తీసేసి, అది పొట్టిదైతే ‘గి’, పొడుగుదైతే ‘గీ’ పెడతాం. మిగతాదంతా ఉన్నదున్నట్టే. ఈ లెక్కన కిరీటానికి గిరీటం, గదకు గిద, బాణానికి గీణం. పిల్ల సూత్రం చదవకుండానే సూత్రం ప్రకారం నడిచింది. బడిలో ఎవరూ నేర్పని ఈ వ్యాకరణం మూడేళ్ల పిల్లలకు కూడా తెలుసు. ‘గి’తోనే మొదలయ్యే గిన్నెకు మాత్రం ఈ జోడు కుదరదు. అప్పుడు గిన్నెలు తపేలాలు అని పక్కింటి మాటను అరువు తెచ్చుకుంటాం.

వీటిని ప్రతిధ్వని మాటలంటారు. కన్నడంలోనూ ‘గి’యే, తమిళంలో ‘కి’. హిందీ, ఉర్దూల్లో ఎక్కువగా ‘వ’ వస్తుంది. మన బజార్లో నిలబడితే రెండూ చెవిన పడతాయి. ఉర్దూ మాట్లాడే దర్జీ “చాయ్ వాయ్ పీతే?” అంటాడు, బట్ట కుట్టించుకోను వచ్చినాయన “చాయ్ గీయ్ ఏం వద్దు” అంటాడు. భారతీయ భాషల ఉమ్మడి లక్షణాల మీద 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో భాషాశాస్త్రవేత్త ఎమెనో ఈ ప్రతిధ్వని మాటలను కూడా లెక్కలోకి తీసుకున్నాడు.

మన ఉత్తర తెలంగాణలో ఇదే పనికి ఇంకో మాట కూడా ఉంది: గిట్ట. “చాయ్ గిట్ట తాగినవా?” అన్నా “చాయ్ గీయ్ తాగినవా?” అన్నా అడిగేది చాయ్ ఒక్కదాన్నే కాదు, అటువంటిది ఏదైనా అని. గిది, గిట్ల, గిన్నిలలోని ‘గి’ మాత్రం వేరు. దానికి గది, గట్ల, గన్ని అని జోడీ ఉంది. ప్రతిధ్వని ‘గి’కి అట్లాంటి జోడీ లేదు. గద పక్కన గిద అంటే ఎవరైనా ‘గిది’ అనుకునే ప్రమాదముంది కాబట్టి చెబుతున్నాను.

ఇక మీవారి వైపు న్యాయం. ప్రతిధ్వని మాట మామూలు మాటల్లో ఒంటరిగా నిలబడదు. “గీయ్ తెచ్చిపెట్టు” అని ఎవరూ అనరు. ముందు చాయ్ ఉండాలి. విల్లుకు జోడు గిల్లు అవుతుంది కదా అని “ఆ గిల్లు ఇటివ్వు” అంటే, పిల్లలు వచ్చి నిజంగానే గిల్లి పోతారు. పైగా ఈ మాటలకు స్వరాన్ని బట్టి రంగు మారుతుంది. “జ్వరం గిరం వచ్చిందా?” అంటే ఆరా. “పెళ్లీ లేదు గిళ్లీ లేదు” అంటే తీసిపారేయడం. కాబట్టి జోడు లేకుండా గిరీటం అనడం రోజువారీ తెలుగు కాదు. అక్కడిదాకా మీవారు చెప్పింది సరే.

కానీ మీరు తీసింది ఏ సినిమా? 1957 మార్చి 27న విడుదలైన ఆ సినిమాలోనే ఈ కట్టు తెగింది. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు తల్పానికి గిల్పం, కంబళికి గింబళి అని జోడు కట్టి, ఆ జోడునే విడదీసి ఒక్కో వస్తువును చేశాడు. గిల్పం అంటే తల్పమూ అలాంటివీ అని కాదు. తల్పంలా కనిపించి తల్పంలా ఉండని మాయ మంచం. గింబళీ అంతే. విడిదికి వచ్చిన శర్మ, శాస్త్రులను అవి పెట్టిన తిప్పలు మీకు నేను చెప్పాలా! మాటలు ఎవరో ఒకరు పుట్టించకపోతే ఎట్లా పుడతాయని అందులో ఘటోత్కచుడే అడుగుతాడు. మీ మనుమరాలు చేసింది సరిగ్గా అదే పని. కిరీటంలా కనిపించి కిరీటం కానిదానికి గిరీటం అన్నది. పింగళి తల్పానికి చేసింది ఈ పిల్ల కిరీటానికి చేసింది. నన్నడిగితే ఆ సినిమాలోని గిల్పం కన్నా ఈ గిరీటమే ఇంకా బాగా కుదిరింది. సిబ్బి చాలా గుండ్రంగా ఉంటుంది మరి. మీరు గింబళికి ఏం పరిచారో రాయలేదు. వరంగల్ కొత్తవాడలో నేసే శత్రంజి అయితే బాగుండేది. వరంగల్ శత్రంజిలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కూడా.

ఇప్పుడు మీ టైటిల్. ‘సామాగ్రి’ తప్పు, సామగ్రి ఒప్పు. మధుర నుంచి మాధురి, చతుర నుంచి చాతురి వచ్చినట్టే సమగ్ర నుంచి సామగ్రి. మొదటి అక్షరమే దీర్ఘమవుతుంది, ‘మ’ కాదు. పక్కనే సామాను అనే మాట ఉండడంతో నాలుక అటు జారుతుంది కాబోలు. ‘పునర్సృష్టి’ కూడా కుదరదు. పునర్జన్మ, పునరాలోచన సరే గాని క, ప, స లాంటి అక్షరాల ముందు ‘ర్’ నిలవదు. పునఃపరిశీలన, పునఃప్రారంభం, పునఃసృష్టి. అయినా ఇంట్లో సిబ్బి బోర్లించుకుని ఆడినదానికి ఇంత బరువైన మాట ఎందుకు? ‘మళ్లీ ఆడినం’ అంటే చాలదా?

‘తాత్కాలిక’ నాకు అస్సలు నచ్చలేదు. అది కాలం గురించి చెప్పే మాట. తాత్కాలిక ఉద్యోగి కొన్నాళ్లే ఉన్నా ఉద్యోగే. సిబ్బి కొద్దిసేపటి కిరీటం కాదు, కిరీటం అని మనమంతా ఒప్పుకున్న సిబ్బి. దీనికి మనకు సొంత మాట ఉంది: ఉత్తుత్తి. ఉత్తుత్తి పెళ్లి, ఉత్తుత్తి వంట అని పిల్లలు అంటారే, అదే. దీన్ని ‘దొంగ’తో కలపకండి. దొంగ నోటులో మోసం ఉంది, ఉత్తుత్తి నోటులో లేదు. అది నోటు కాదని ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు.

చిన్నప్పుడు మా ఊళ్లో ఒగ్గు కథ చెప్పే ఆయన ఒకరు ఉండేవారు. కథలో బిడ్డ పుట్టగానే భుజం మీది తువ్వాలను మడిచి చేతుల్లోకి తీసుకుని ఊపేవారు. ఒకసారి ముందు వరసలో కూర్చున్న నేను “అది తువ్వాల” అన్నాను. ఆయన కథ ఆపలేదు. నా వైపు చూసి వేలు పెదాల మీద పెట్టి, “పండుకున్నది, లేపకు” అన్నారు. జనం నవ్వారు. ఆ తర్వాత ఆయన చెమట తుడుచుకోవాల్సి వచ్చినా ఆ తువ్వాల వాడలేదు, చేతి మణికట్టుతోనే తుడుచుకున్నారు.

ప్రాప్స్‌కు నాటకాలవాళ్లు ప్రాపర్టీస్ అంటారు, పాతవాళ్లు సరంజామా అనేవాళ్లు. సరంజామా చక్కటి మాట, కొంచెం హడావుడి కూడా ఉంది అందులో. ‘ఉత్తుత్తి సరంజామాతో మా ఇంటి మాయాబజార్’ అని వేసుకోండి.

గిరీటం ఆ వీడియోలో ఉండనివ్వండి. గంజి వంచే వేళకు మాత్రం దాన్ని సిబ్బి అనే అడగండి. గిరీటం అంటే మీవారు వినిపించుకోరు, అన్నం మెత్తబడుతుంది.