పిండదశలో మెదడు పొరల అతుకులు ఎలా ఏర్పడతాయి?

మెదడును కప్పే మూడు పొరల్లోని కణాలు తల్లి గర్భంలో ఉండగానే ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయని మీరు అడిగారు. కాకినాడలో వైద్య విద్యార్థులకు అనాటమీ బోధిస్తున్న నేను, నా మొదటి సంవత్సరం వైవాలో (మౌఖిక పరీక్షలో) ఈ విషయంలోనే తప్పు చెప్పి తలవంచుకున్నాను. మెదడును అంటిపెట్టుకుని ఉండే పియా పొరే దేన్నీ చొరనివ్వదని ఆనాడు ధీమాగా చెప్పాను. నిజానికి పియా కణాల మధ్య సందులుంటాయి. పైనున్న డ్యూరా రక్తనాళాల్లోంచి కూడా పదార్థాలు బయటికి ఊరుతూనే ఉంటాయి. ఈ రెండింటి నడుమనున్న అరాక్నాయిడ్ పొరలో వెలుపలి వరుస కణాలదే అసలు కాపలా.

మాది తాళ్ళరేవు వైపు. అక్కడ పడవ కట్టేటప్పుడు పలకకు పలక చేర్చి మేకులు దిగగొట్టడం ఒక పని, సందుల్లో దూది కూరి గుగ్గిలం పూయడం మరొక పని. ఈ కణాలకూ రెండు రకాల అతుకులు కావాలి. క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్లు మేకుల్లా పొరుగు కణాన్ని పట్టి ఉంచుతాయి. క్లాడిన్-11 అనే ప్రోటీన్ రెండు కణాల అంచులనుంచీ ఎదురెదురుగా వచ్చి కలిసి, సందును మూసే టైట్ జంక్షన్‌ను కడుతుంది.

మొదట్లో ఇవన్నీ విడివిడిగా తిరిగే కణాలే: ముందు మెదడు దగ్గర న్యూరల్ క్రెస్ట్ (పిండంలో నాడీ గొట్టం అంచున పుట్టే కణాల గుంపు) నుంచి, వెనుక మెదడు దగ్గర మీసోడెర్మ్ (పిండపు మధ్య పొర) నుంచి వస్తాయి. ఎలుక పిండాలపై 2023లో వెలువడిన పరిశోధన ప్రకారం, వాటిలో కొన్ని అరాక్నాయిడ్ కాపలా కణాలుగా మారాలంటే వింట్ అనే సంకేతం అణగాలి. మెదడు లోపలి రక్తనాళాల గోడలు బిగుసుకోవడానికి అదే సంకేతం రగలాలి కనుక, ఈ తిరకాసును విద్యార్థులు నమ్మడానికి కొంత సమయం పడుతుంది. ఆ తరువాత క్యాడ్‌హెరిన్లలో ఒక రకమైన ఎన్-క్యాడ్‌హెరిన్ ఉండగానే మరో రకమైన ఇ-క్యాడ్‌హెరిన్ పెరుగుతుంది, క్లాడిన్-11 వచ్చి చేరుతుంది, అడ్డుకునే గుణం ఎలుక పుట్టకముందే వచ్చేస్తుంది. ఈ పొర ఏర్పడని పిండాల్లో రక్తంలోని చిన్న అణువులే కాక, గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా కూడా మెదడులోకి చొరబడింది.

పడవ పోలిక ఇంతవరకే పనికొస్తుంది. నీళ్ళలో దిగిన పడవ ఇక పెరగదు. పుట్టిన పిల్ల మెదడు మాత్రం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఈ కణాలు విభజన చెందుతూ, తమ అతుకులను తామే సర్దుకుంటూ పొరను విస్తరింపజేస్తాయి.