కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు నొప్పి తగ్గాలంటే ఏం చేయాలి?

కట్టు మార్చే రోజంటేనే మీ నాన్నగారు వణికిపోతున్నారని మీరు రాశారు. నొప్పి మందు కట్టు విప్పాక కాదు, విప్పకముందే పడాలి. మాత్ర అయితే అరగంట నుంచి గంట ముందు. మిగతావన్నీ దాని తర్వాతే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. టిఫిన్ హోటల్లో బజ్జీల మూకుడు ఒలికి మా తమ్ముడికి కుడి చెయ్యి, ఛాతీ కాలాయి. ఆస్పత్రి పేరు చెప్పను. పొద్దున్నే డ్రెస్సింగ్ ట్రాలీ చప్పుడు వినిపిస్తే చాలు, పిల్లాడు మంచం చువ్వ గట్టిగా పట్టుకునేవాడు. ఎండిపోయి పుండుకి అతుక్కుపోయిన గాజుగుడ్డని ఒక్క లాగు లాగేవాళ్లు. అరిస్తే, "మగపిల్లాడివి, ఆ మాత్రం ఓర్చుకోలేవా" అనేవాళ్లు. అంతా అయ్యాక ఇంజక్షన్ ఇచ్చేవాళ్లు. అప్పటికి వాడు ఏడ్చి ఏడ్చి సోలిపోయేవాడు.

ఒకరోజు డ్యూటీకి వేరే దీదీ వచ్చారు. (మా దగ్గర నర్సుల్ని దీదీ అనే పిలుస్తాం.) ఒడియా ఆవిడే గాని తెలుగు చక్కగా మాట్లాడతారు. ముందు కేస్ షీట్ చూసి, డాక్టరుగారితో మాట్లాడి ఇంజక్షన్ ఇచ్చేశారు. అది పనిచేసేదాకా వేరే మంచాల దగ్గర పని చూసుకున్నారు. తర్వాత కట్టు మీద సెలైన్ పోసి, బాగా నానేవరకూ ఆగారు. "బాబూ, అంచు నువ్వే తియ్యి. నొప్పొస్తే చెప్పు, ఆగుతాను" అన్నారు. వాడు చెప్పినప్పుడల్లా నిజంగానే ఆగారు. ఆ రోజు వాడు అరవలేదు. ఇంజక్షన్ రోజూ ఇచ్చేదే, కాకపోతే అరగంట ముందు పడింది.

ఓర్చుకుంటే పుండు త్వరగా మానుతుందన్నది పచ్చి అబద్ధం. నొప్పి ఉంటే నిద్ర ఉండదు, తిండి సయించదు, చెయ్యి కదపాలంటే భయం. కదపకపోతే చర్మం బిగుసుకుని మోచెయ్యి వంకరగా ఉండిపోతుంది. గాయం పైపైనే కదా అని కొట్టిపారేసేవాళ్లకి ఇంకో మాట: మంట ఎక్కువుండేది పైపైన కాలిన చోటే. బాగా లోతుగా కాలితే నరాల కొసలే పోయి అక్కడ స్పర్శ తెలియదు.

మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు అంటే అలవాటైపోతుందని మా బావగారు ఒకటే గొడవ. పెద్ద గాయానికి డాక్టరు కొలిచి, కనిపెట్టుకుని ఇచ్చే మందుకి అంత భయం అక్కర్లేదు. మలబద్ధకం, మగత వస్తాయి, వాటిని చూసుకోవాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించిందే ఇలాంటి మందులు రోగులకి సులువుగా అందాలని. మార్ఫిన్ తీసే నల్లమందు మధ్యప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో ప్రభుత్వ లైసెన్సుతోనే పండుతోంది. అయినా మా వైపు చిన్న ఊళ్లలో ఆ మందు దొరకదు. నా కోపమంతా దాని మీదే.

ఇక పథ్యం! చీము పడుతుందని పప్పు, గుడ్డు మాన్పించి చారన్నం పెడతారు. కాలిన ఒంటికి మాంసకృత్తులు మామూలుకంటే ఎక్కువ కావాలి. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప గుడ్డు, పప్పు, చేప పెట్టండి. ఇంకెవరికైనా కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చన్నీళ్లు పారించండి, అంతేగాని టూత్‌పేస్టు పూయకండి. మా వాడికి హోటల్లో పూసిన పేస్టుని ఆస్పత్రిలో తుడిచి తీయడమే మొదటి నరకం.

నాన్నగారికి మాత్ర ఎన్నింటికి వేయాలో, అది చాలకపోతే ఇంకేం ఇస్తారో ముందురోజే డాక్టర్ని అడగండి. పెద్ద గాయాలకి కెటమిన్ లాంటి మత్తు ఇచ్చి కూడా కట్టు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రలు పెంచకండి. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతో ఆయన్నే చెప్పమని, రాసి చూపించండి. చర్మం అతికించే ఆపరేషన్ అయితే, అతికించిన చోటుకంటే తొడ మీద చర్మం తీసిన చోటే ఎక్కువ మండుతుంది. దానికీ మందు రాయించుకోండి. పుండు మానే దశలో దురద మొదలై రాత్రుళ్లు నిద్రపట్టనివ్వదు. మానుతోంది కదా అని ఊరుకోకుండా అదీ చెప్పండి, దానికీ మందులున్నాయి.